జీతం లేని జట్టు.. ఇరవై ఏళ్లు దాటింది!

న్యూజిలాండ్ అనగానే మనకు ముందు క్రికెట్ గుర్తొస్తుంది. ఇక్కడ నాలుగైదేళ్లు గడిపినవాళ్లకు రగ్బీ, ఆల్ బ్లాక్స్ కూడా తెలుసు. ఐస్ హాకీ ఉందంటే మాత్రం 'అది కెనడా వాళ్ల ఆట కదండీ, ఇక్కడెక్కడిది?' అంటారు. ఉంది. 2005లో మొదలైన న్యూజిలాండ్ ఐస్ హాకీ లీగ్ ఇరవై ఏళ్లు దాటింది. క్వీన్స్‌టౌన్ హోటళ్లలో, క్రైస్ట్‌చర్చ్ నిర్మాణ పనుల్లో, ఆక్లండ్ సూపర్ మార్కెట్లలో మన తెలుగువాళ్లు చలికి వణుకుతూ డ్యూటీ దిగే సమయానికే, ఆ పక్క వీధిలోనే ఈ ఆట నడుస్తూ ఉంటుంది.

ఐస్ హాకీతో మనకేం పని అనుకోవద్దు. ఈ లీగ్ కథలో గోల్స్, కప్పుల కంటే మనకు పనికొచ్చే సంగతులు వేరే ఉన్నాయి. బయటి దేశం నుంచి వచ్చిన మనిషికి విమానం టికెట్ ఎవరు కొంటారు? వీసా ఎలా వస్తుంది? సరిహద్దులు మూస్తే ఏమవుతుంది? డబ్బు లేని సంస్థ ఇన్నేళ్లు ఎలా బతుకుతుంది? ఇవన్నీ ఇందులో ఉన్నాయి. ముందు కథ చూద్దాం.

గొర్రెల మేత భూముల్లో పుట్టిన ఆట

దక్షిణ ద్వీపంలోని కాంటర్‌బరీ కొండల నడుమ చలికాలంలో చెరువులు, మడుగులు గడ్డకడతాయి. గొర్రెల మందలు కాసుకునే ఆ ప్రాంతంలో మౌంట్ హార్పర్ అనే చోట 1930లలో విండమ్ బార్కర్ అనే ఆయన మంచు మైదానాలు తయారుచేశాడు. పొలానికి మడి కట్టినట్టు గట్లు వేసి, నీళ్లు పెట్టి, రాత్రి చలికి గడ్డకట్టనిచ్చేవారు. రాత్రిపూట ఆడుకోవడానికి దీపాలు కావాలిగా! వాగు నీటితో చిన్న జలవిద్యుత్ యంత్రం తిప్పి కరెంటు తెచ్చుకున్నారు. ప్రభుత్వం ఇచ్చిందేమీ లేదు, అంతా సొంత కష్టమే.

ఆ ప్రాంతపు క్లబ్బుల మధ్య 1937లో 'ఎర్వాన్ కప్' మొదలైంది. ఈ దేశపు ఐస్ హాకీలో పాత పోటీ అదే. అంటే మనకు స్వాతంత్య్రం రావడానికి పదేళ్ల ముందే ఇక్కడ గడ్డకట్టిన మడుగుల మీద కర్రలు పట్టుకుని కుర్రాళ్లు పోటీలు పడ్డారన్నమాట. అయితే ఎండ కాస్తే ఆట లేదు. ఆ చిక్కు తీరాలంటే కప్పు ఉన్న భవనం, కింద గొట్టాల్లో శీతల ద్రవం పారే ఏర్పాటు కావాలి. ఆక్లండ్, క్రైస్ట్‌చర్చ్, డునెడిన్, క్వీన్స్‌టౌన్‌లలో అలాంటి రింకులు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. న్యూజిలాండ్ 1977లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది.

58-0.. అయినా ఇంటికి పోలేదు

చేరారు సరే, ఆడి గెలవాలిగా. 1987లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ప్రపంచ పోటీల అట్టడుగు విభాగంలో న్యూజిలాండ్ జట్టు ఆస్ట్రేలియా చేతిలో 58-0తో ఓడింది. పొరపాటున అచ్చయిన అంకె కాదు, యాభై ఎనిమిది గోల్సే! పురుషుల సీనియర్ అంతర్జాతీయ ఐస్ హాకీలో ఇంత తేడాతో ముగిసిన మ్యాచ్ మరోటి లేదు. పక్క దేశం చేతిలో ఇంత పరాభవం జరిగితే మన దగ్గరైతే అసోసియేషన్ రెండు ముక్కలై, కోర్టు కేసులు పడి, ఆఫీసుకు తాళం పడేది.

ఇక్కడ అలా జరగలేదు. పిల్లలకు స్కేటింగ్ నేర్పడం, క్లబ్బుల మధ్య పోటీలు పెట్టడం ఆపలేదు. సరిగ్గా 22 ఏళ్లకు, 2009లో డునెడిన్‌లో సొంత జనం ముందు అదే జాతీయ జట్టు ప్రపంచ పోటీల మూడో డివిజన్ గెలిచి పై డివిజన్‌కు వెళ్లింది. 'ఐస్ బ్లాక్స్' అంటారు ఆ జట్టుని. ఆ ఓటమికీ ఈ గెలుపుకీ మధ్య జరిగిన ముఖ్యమైన సంగతి ఒకటే, 2005లో లీగ్ పెట్టడం.

క్వీన్స్‌టౌన్ స్టాంపీడ్ కథ

లీగ్ మొదలైన ఏడాది ఉన్నవి కొద్ది జట్లే. ఆక్లండ్ నుంచి స్వార్మ్, క్రైస్ట్‌చర్చ్ నుంచి కాంటర్‌బరీ రెడ్ డెవిల్స్, దక్షిణాది నుంచి సదరన్ స్టాంపీడ్. 2008లో డునెడిన్ థండర్ చేరింది. వెస్ట్ ఆక్లండ్ అడ్మిరల్స్, ఇటీవలి ఏళ్లలో ఆక్లండ్ మాకో కూడా వచ్చి కలిశాయి. రాజధాని వెల్లింగ్టన్‌కు మాత్రం ఇంతవరకూ లీగ్‌లో జట్టే లేదు. ఆటగాళ్లు లేక కాదు, సరైన రింకు లేక. మైదానం ఉంటేనే ఆట ఉంటుందన్నది ఎక్కడైనా ఒకటే సూత్రం.

వీటిలో స్టాంపీడ్ కథ మనవాళ్లకు దగ్గరగా ఉంటుంది. క్వీన్స్‌టౌన్ అంటే వకాటిపు సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఆ ఊరు బతికేదే టూరిస్టుల మీద. హోటల్ గదులు శుభ్రం చేసేవాళ్లు, వంటవాళ్లు, వెయిటర్లు, కొండల మీద స్కీయింగ్ నేర్పేవాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు.. ఎవర్ని కదిలించినా ఏదో ఒక దేశం పేరు చెప్తారు. సరస్సు పక్కన క్వీన్స్‌టౌన్ గార్డెన్స్‌లో ఉన్న ఐస్ రింకు స్టాంపీడ్ సొంతగడ్డ. పెద్ద స్టేడియం కాదు. జనం అద్దం గోడకు ఆనుకుని నిలబడితే ఆటగాళ్ల ఊపిరి పొగ కూడా కనిపిస్తుంది.

మొదటి రెండేళ్లు, 2005, 2006లో కప్పు వీళ్లదే. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆక్లండ్ స్వార్మ్, క్రైస్ట్‌చర్చ్ రెడ్ డెవిల్స్ చేతుల్లోనే కప్పు తిరిగింది. చిన్న ఊరి జట్టు పని అయిపోయిందనుకున్నారు చాలామంది. 2015లో మళ్లీ గెలిచింది. 2016, 2017లో కూడా వదల్లేదు, వరుసగా మూడుసార్లు. ఆక్లండ్‌లో పదిహేను లక్షల మందికి పైగా జనం ఉన్నారు. వాళ్ల ముందు క్వీన్స్‌టౌన్ ఒక మండల కేంద్రం లాంటిది. అయినా గెలిచారంటే లెక్క జనాభాది కాదని అర్థమవుతోంది.

రెడ్ డెవిల్స్ గురించీ ఒక మాట చెప్పాలి. 2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపం వచ్చి 185 మంది చనిపోయారు. నగరం నడిబొడ్డు ఏళ్ల తరబడి కంచె వెనకే ఉండిపోయింది. ఇళ్లు పోయినవాళ్లు, ఉద్యోగాలు పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. అలాంటి ఊరి జట్టు ఆ మరుసటి ఏడాదే, 2012లో లీగ్ గెలిచింది. శిథిలాలు ఎత్తే పనికి మన దేశం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి కార్మికులు వచ్చిన కాలం అది. ఊరు మళ్లీ లేవడం అంటే గోడలు లేపడం ఒక్కటే కాదని ఆ కప్పు చెప్పింది.

శని, ఆదివారాల లెక్క

ఈ లీగ్‌లో ఆడే స్థానిక కుర్రాళ్లలో చాలామందికి జీతం లేదు. ఎలక్ట్రీషియన్లు, వడ్రంగులు, విద్యార్థులు, టీచర్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పని. రాత్రి పొద్దుపోయాక ప్రాక్టీసు, ఎందుకంటే పగలంతా రింకు జనానికి టికెట్ల మీద నడవాలి, లేకపోతే కరెంటు బిల్లు కట్టేదెవరు? జట్టులో ఆడినందుకు డబ్బు రాకపోగా, స్కేట్లు, కర్రలు, హెల్మెట్ కొనుక్కోవడానికి చేతి చమురు వదులుతుంది.

ఆక్లండ్ నుంచి క్వీన్స్‌టౌన్‌కు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. విమానంలో పోవాల్సిందే. అందుకే ఒకసారి వెళ్తే శనివారం ఒకటి, ఆదివారం ఒకటి అదే జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడి వస్తారు. ఒక్క ప్రయాణం ఖర్చుతో రెండు ఆటలు. బస్సు మాట్లాడి రెండు పెళ్లిళ్లకు కలిపి వెళ్లొచ్చినట్టే! టికెట్ అమ్మేది ఒకరి తల్లి, స్కోరు రాసేది ఒకరి తండ్రి, జెర్సీలు ఉతికేది ఇంకొకరి భార్య. ఈ ఊడిగమంతా ఉచితం. ఊళ్లోని చిన్న వ్యాపారులు తలా కొంత స్పాన్సర్ చేస్తారు.

2014లో మహిళల లీగ్ కూడా ఇలాగే మొదలైంది. పెద్ద ప్రకటనలు లేవు, ఉన్న రింకుల్లోనే అమ్మాయిలకూ సమయం కేటాయించారు. అంతే.

విమానం టికెట్ ఎవరిది?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. జూన్ వచ్చిందంటే మన ఊళ్లో తొలకరి, ఇక్కడ చలికాలం. సరిగ్గా ఆ నెలల్లోనే కెనడా, అమెరికా, యూరప్‌లలో ఎండాకాలం. అక్కడ హాకీ సీజన్ ఉండదు. ఖాళీగా ఉన్న ఆటగాళ్లు కొందరు ఇక్కడికి వస్తారు. వీళ్లని 'ఇంపోర్ట్' ఆటగాళ్లంటారు. ఇలాంటి చిన్న లీగుల్లో వాళ్లకిచ్చేది పెద్ద మొత్తమేమీ కాదు. మామూలుగా విమానం టికెట్, ఉండటానికి చోటు, చేతి ఖర్చుకు పగలు ఏదో ఒక పని. క్లబ్బు సభ్యుల ఇంట్లోనే ఒక గది ఇస్తారు.

కెనడా, చెక్, ఫిన్లండ్ కుర్రాళ్లకు వర్కింగ్ హాలిడే వీసా సులువుగా దొరుకుతుంది. వాళ్ల దేశాలకు న్యూజిలాండ్‌తో ఆ ఒప్పందాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఒక పనికోసమే వచ్చేవాళ్లకు వేరే వీసా కూడా ఉంది. ఏ దారిలో వచ్చినా ఉద్యోగం కోసం ఏజెంటుకు లక్షలు పోసి వచ్చినవాడు అందులో ఉండడు.

అదే మన కుర్రాడి సంగతి చూడండి. ఇక్కడా ఇంపోర్టే, మనవాడూ ఇంపోర్టే. మనవాడు రావడానికి భూమి అమ్ముతాడు, లేదా మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు. ఏజెంటుకు కడతాడు. దిగాక చెప్పిన పని ఉండదు. 2022 జూలైలో ప్రభుత్వం అక్రెడిటెడ్ ఎంప్లాయర్ వర్క్ వీసా తెచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2023 ఆగస్టులో, ఆక్లండ్‌లో కొన్ని ఇళ్లలో వందమందికి పైగా భారత్, బంగ్లాదేశ్ వాళ్లు పనిలేక, తిండికి కటకటలాడుతూ కిక్కిరిసి ఉన్న సంగతి బయటపడింది. డబ్బు కట్టి వచ్చినవాళ్లే వాళ్లంతా. దాంతో 2024 ఏప్రిల్‌లో నిబంధనలు బిగించారు. కింది స్థాయి పనులకు కూడా ఇంగ్లిష్ వచ్చి ఉండాలన్నారు. మోసం చేసినవాడి కంటే మోసపోయినవాడి దారే ముందు ఇరుకైంది.

ఉద్యోగం ఇచ్చినందుకు కార్మికుడి దగ్గర యజమాని డబ్బు తీసుకోవడం ఈ దేశ చట్టం ప్రకారం నేరం. అంటే తప్పు మనది కాదు, తీసుకున్నవాడిది. మనవాళ్లు మాత్రం తమదే తప్పన్నట్టు భయపడి నోరు మెదపరు. 2021 జూలై నుంచి దోపిడీకి గురైన వలస కార్మికులకు ప్రత్యేక వీసా ఉంది. ఆరు నెలల వరకు ఆ యజమానిని వదిలి వేరే చోట పని చేసుకోవచ్చు. ఫిర్యాదుకు 0800 200 088 నంబరు ఉంది. గోడకు రాసిపెట్టుకోండి.

2025 డిసెంబరులో భారత్, న్యూజిలాండ్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై చర్చలు ముగిశాయి. ఏడాదికి వెయ్యి మంది భారతీయ యువతకు వర్కింగ్ హాలిడే వీసాలు, నైపుణ్యం ఉన్నవాళ్లకు మూడేళ్ల వరకు ఉండేలా 5 వేల వీసాలు అందులో ఉన్నాయి. కెనడా కుర్రాడికి ఉన్న దారి మనవాడికీ కొంచెం తెరుచుకుంటోందన్నమాట. సంతోషమే. కానీ ఈ అంకెలు పట్టుకుని 'సీటు బుక్ చేస్తా, అడ్వాన్స్ కట్టు' అనే ఏజెంట్లు హైదరాబాద్, విజయవాడల్లో తయారవుతారు. దరఖాస్తు ఎప్పుడు, ఎలా అన్నది ఇమిగ్రేషన్ న్యూజిలాండ్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి తప్ప, మధ్యవాడి మాట మీద పోవద్దు.

సరిహద్దు మూసిన రోజున

2020 మార్చి 19న న్యూజిలాండ్ తన సరిహద్దులు మూసేసింది. మార్చి 25 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. క్వీన్స్‌టౌన్ హోటళ్లు ఒక్క వారంలో ఖాళీ అయ్యాయి. టూరిస్టు లేకపోతే ఆ ఊళ్లో పని లేదు. వలస కార్మికులు సహాయం కోసం క్యూలు కట్టారు. సెలవుకు ఇంటికెళ్లిన మనవాళ్లు వీసా ఉండి కూడా రెండేళ్లు తిరిగి రాలేకపోయారు. అప్పులు అక్కడ, సామాను ఇక్కడ.

లీగ్‌కూ అదే దెబ్బ. ఇంపోర్ట్ ఆటగాళ్లు రాలేరు. 2021 ఆగస్టు నుంచి ఆక్లండ్ మూడు నెలలకు పైగా లాక్‌డౌన్‌లో ఉండటంతో ఆ నగరపు జట్లు కదల్లేకపోయాయి. సరిహద్దులు పూర్తిగా తెరిచింది 2022 జూలై 31న. మధ్యలో ఈ జట్లను నిలబెట్టింది ఎవరంటే, చిన్నప్పటినుంచి తమ రింకులో నేర్చుకున్న స్థానిక పిల్లలు. బయటివాళ్ల మీదే ఆధారపడి ఉంటే లీగ్ ఆ రెండేళ్లలో చచ్చిపోయేది.

దేశమూ ఆ పాఠం నేర్చుకుంది, కాకపోతే ఆలస్యంగా. పళ్లతోటల్లో కోతకు, హోటళ్లలో వంటకు మనుషులు దొరక్కపోయేసరికి వలస కార్మికుడి విలువ తెలిసొచ్చింది. 2021 డిసెంబరులో అప్పటికే ఇక్కడున్నవాళ్లకు ఒకేసారి వర్తించే రెసిడెంట్ వీసా తెరిచారు. మనవాళ్లలో ఎందరికో అదే జీవితాన్ని మార్చింది. వరం కాదు అది, అవసరం.

మనవాళ్లు ఎక్కడ?

2023 జనాభా లెక్కల్లో ఈ దేశంలో భారతీయులు 2,92,092 మంది. చైనీయుల సంఖ్యను దాటి మూడో పెద్ద సమూహం అయ్యాం. సంఖ్య పెరిగింది. కానీ ఊరితో మన కలివిడి ఎంత? పని, గది, ఫోన్. ఆదివారం వస్తే బిర్యానీ, కొత్త సినిమా. సంక్రాంతి, ఉగాదికి సంఘాల వేడుక. క్రికెట్ ఆడితే అందులోనూ మనోళ్లతోనే. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. పరాయి దేశంలో మన మాట వినపడితే కలిగే ధైర్యం వేరు.

అయితే చిక్కు వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. 2023 నాటికి క్వీన్స్‌టౌన్‌లో ఇళ్ల కొరత ఎంతకు పోయిందంటే, ఉద్యోగం ఉన్నవాళ్లు కూడా కార్లలో పడుకున్నారు. అలాంటప్పుడు గది ఎవరికి దొరికింది? క్లబ్బులోనో, చర్చిలోనో, వాలంటీరు పనిలోనో నలుగురికి పరిచయం ఉన్నవాడికి. ప్రకటన పడకముందే 'మా గ్యారేజీ పైగది ఖాళీ అవుతోంది' అనే మాట వాడి చెవిన పడుతుంది. జీతం లేని జట్టు ఇచ్చే జీతం ఇదేనని మా అభిప్రాయం.

మనకు మంచు కొత్త అనే మాటా పూర్తిగా నిజం కాదు. లద్దాఖ్ పిల్లలు గడ్డకట్టిన చెరువుల మీద ఐస్ హాకీ ఆడుతూనే ఉన్నారు. భారత్ 1989లోనే అంతర్జాతీయ సమాఖ్యలో చేరింది. 2025లో మన మహిళల జట్టు ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. మౌంట్ హార్పర్‌లో మడి కట్టి ఆడినవాళ్లకూ, లేహ్‌లో చెరువు మీద ఆడేవాళ్లకూ పెద్ద తేడా లేదు. హైదరాబాద్‌లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ 2004లో తెరిచినప్పుడు జనం ఎగబడి చూశారు. ఇక్కడ టికెట్ కొంటే అద్దె స్కేట్లు ఇచ్చి అసలు మంచు మీదే నిలబెడతారు. మొదటిరోజు పడతాం. అందరూ పడతారు.

దెబ్బ తగిలితే?

మనవాళ్లు ఆటలకు దూరంగా ఉండటానికి ఒక కారణం భయం. కాలు విరిగితే పనెలా, ఆసుపత్రి బిల్లెలా అని. ఈ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాం. న్యూజిలాండ్‌లో 1974 నుంచి ఏసీసీ అనే ప్రమాద పరిహార వ్యవస్థ ఉంది. తప్పెవరిదని అడగరు. పౌరులకే కాదు, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు, చివరికి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు కూడా ఈ దేశంలో జరిగిన ప్రమాదంలో గాయమైతే చికిత్స ఖర్చుల్లో సాయం అందుతుంది. ఆటలో తగిలిన దెబ్బ కూడా ఇందులోకే వస్తుంది. ఇక్కడ సంపాదించేవాళ్లు పని చేయలేని స్థితిలో ఉంటే, మొదటి వారం పోగా, జీతంలో 80 శాతం వరకు వారం వారం ఇస్తారు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఏసీసీ ప్రమాదాలకే, జబ్బులకు కాదు. గుండెనొప్పి, జ్వరం లాంటివాటికి తాత్కాలిక వీసాదారులు ఇన్సూరెన్స్ ఉంచుకోవడం మంచిది.

రేపటి మాట

ఈ లీగ్ భవిష్యత్తు పూలబాట ఏమీ కాదు. రింకు నడపడం అంటే రాత్రీ పగలూ కరెంటు మింగే వ్యవహారం. విమాన చార్జీలు పెరిగితే జట్ల బడ్జెట్లు తారుమారవుతాయి. ఒక రింకు మూతపడితే ఒక జట్టు పోతుంది, ఒక జట్టు పోతే లీగ్ ఊగిపోతుంది. అయినా ఇన్నేళ్లు నిలిచిందంటే, ఆట మీద ప్రేమతో పాటు ఇంకోటి ఉంది. వచ్చే ఏడాది ఆడేవాడిని ఈ ఏడాదే తయారుచేసుకోవడం.

మన తెలుగు సంఘాల పెద్దలకు మేం చెప్పేదీ అదే. బయటినుంచి గాయకుల్ని, నటుల్ని తెప్పించే ఖర్చులో నాలుగోవంతు తీసి, ఇక్కడి పిల్లలకు ఒక ఆట నేర్పించండి. కొత్తగా దిగిన కుర్రాడికి మొదటి నెల ఒక గది, ఒక సరైన సలహా దొరికే ఏర్పాటు చేయండి. స్టాంపీడ్ లాంటి క్లబ్బు కెనడా నుంచి వచ్చినవాడికి ఆపాటి చేస్తోంది. మన జిల్లా నుంచి వచ్చినవాడికి మనం చేయలేమా?

ఇక కార్మిక సోదరులకు ఒక చిన్న మాట. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో శనివారం సాయంత్రం ఖాళీ దొరికితే దగ్గర్లోని రింకుకు ఒకసారి వెళ్లండి. మందపాటి కోటు, చేతి తొడుగులు మర్చిపోవద్దు. నియమాలు తెలియకపోతే పక్కనున్న ముసలాయన్ని అడగండి, ఆట అయ్యేదాకా చెప్తూనే ఉంటాడు. పరిచయం అక్కడే మొదలవుతుంది.